వీపుకి రీడ్ యాక్సెస్ మాత్రమే

పదో తరగతి అయిపోయి ఎంపీసీలో చేరినప్పుడు నేను పడ్డ ఆనందం అంతా ఇంతా కాదు. ఇక జన్మలో బయాలజీ పుస్తకం ముట్టుకోనక్కర్లేదు, కప్ప బొమ్మలు గియ్యనక్కర్లేదు. ఆ పుస్తకంలోంచి నా బుర్రలో మిగిలిన ముక్క ఒకే ఒక్కటి, "అసంకల్పిత ప్రతీకార చర్య". అది కూడా మా సైన్సు మాస్టారి పుణ్యమే. బెత్తం పడగానే చెయ్యి వెనక్కి లాక్కుంటామే, అదే అసంకల్పిత ప్రతీకార చర్య అని ప్రాక్టికల్ గా చూపించేవారు :) పన్నెండేళ్ళ తర్వాత ఆ ముక్క మళ్ళీ నా జీవితంలోకి వస్తుందని, అదీ కాన్సస్ రాష్ట్రంలో ఓ డాక్టరు గారి బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉండగా వస్తుందని ఎవరనుకుంటారు!

సంగతేంటంటే, కిందటేడు ఓవర్లాండ్ పార్క్ లో ప్రాజెక్టు చేస్తున్నప్పుడు నా మెడ పట్టేసింది. మామూలుగా పట్టడం కాదు. పొద్దున్న లేచేసరికి కుడి వైపుకి తిరగడం మానేసింది. రాత్రి పదింటికి ఆఫ్‌షోర్ వాళ్ళతో కాల్స్, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, ఆర్నెల్లుగా అదే భంగిమ... పట్టక ఏం చేస్తుంది? కారు రివర్స్ చెయ్యాలంటే నడుంతో సహా మొత్తం మనిషిని తిప్పాల్సి వచ్చేది. ఇన్స్యూరెన్సు వాళ్ళ సైట్లో వెతికితే దగ్గర్లో దొరికిన డాక్టరు పేరు చివర ఎం.డి. అని లేదు, డి.ఓ. అని ఉంది. మా రూమ్మేట్ చూసి, "ఒరేయ్, వీడు నిజం డాక్టరేనా? మన ఆర్.ఎం.పి. లాంటి కేసేమో చూసుకో" అన్నాడు.

ఈ అనుమానం మనవాళ్ళలో చాలామందికి ఉంది కాబట్టి ముందు అది తీర్చేస్తా. డి.ఓ. అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. అమెరికాలో వీళ్ళు నిఖార్సైన డాక్టర్లే. నాలుగేళ్ళ మెడికల్ స్కూలు, తర్వాత రెసిడెన్సీ, మందులు రాయడం, ఆపరేషన్లు చెయ్యడం, అన్నీ ఎం.డి.లతో సమానం. 2020 నాటికి ఇద్దరి రెసిడెన్సీలకీ గుర్తింపు ఇచ్చే వ్యవస్థ కూడా ఒక్కటే అయిపోయింది. 2020 అక్టోబరులో ట్రంప్ కి కోవిడ్ వచ్చినప్పుడు రోజూ టీవీలో కనబడిన వైట్ హౌస్ డాక్టరు షాన్ కాన్లీ కూడా డి.ఓ.యే. అప్పుడూ చాలామంది మా రూమ్మేట్ అడిగిన ప్రశ్నే అడిగారు. వీళ్ళు అదనంగా నేర్చుకునేది చేతులతో చేసే వైద్యం, సుమారు 200 గంటల పాఠం. కానీ జాగ్రత్త, అమెరికా బయట "ఆస్టియోపాత్" అని బోర్డు పెట్టుకునేవాళ్ళలో చాలామంది ఈ రకం డాక్టర్లు కాదు, ఆ చేతి వైద్యం మాత్రమే నేర్చినవాళ్ళు. బోర్డు ఒకటే, లోపల సరుకు వేరు.

సరే, వెళ్ళాను. ఆయన నన్ను ముట్టుకోడానికి ముందు ఇరవై నిమిషాలు ప్రశ్నలే. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, జ్వరం వచ్చిందా, బరువు తగ్గావా, మెట్లెక్కితే నొప్పి పెరుగుతుందా, ఇంట్లో ఎవరికన్నా గుండె జబ్బుందా... నాకు చిరాకేసింది. మెడ పట్టేసిందిరా బాబూ అని వచ్చినవాణ్ణి గుండె గురించి అడుగుతాడేంటి, బిల్లు పెంచడానికా అనుకున్నా. ఈ చిరాకు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత వైద్యం మొదలైంది. నేను మన సెలూన్ లో లాగా మెడ పట్టుకుని "టక్" మనిపిస్తాడని ఎదురుచూస్తున్నా. క్రాఫ్ చేయించుకున్నాక తలకి నూనె రాసి, నాలుగు దెబ్బలు కొట్టి, గడ్డం కింద చెయ్యేసి ఇటు ఒక టక్కు, అటు ఒక టక్కు... ఆ సుఖం తెలియని మగాడు మన ఊళ్ళలో ఉండడు. ఆ సంగతి చెప్తే ఆయన నవ్వి, "నీ మెడకి అది అవసరం లేదు" అన్నాడు. మెడని హఠాత్తుగా తిప్పితే అరుదుగానే అయినా మెదడుకి పోయే రక్తనాళం లోపలి పొర చీలే ప్రమాదం ఉందట. (అప్పటినుంచి సెలూన్ లో నేను నూనె దాకే.) ఆయన చేసింది వేరే. మెడలో గట్టిగా ఉన్న ఒక చోట వేలు పెట్టి, నా తలని నొప్పి లేని వైపుకి వంచి, సరిగ్గా తొంభై సెకన్లు అలా పట్టుకుని, మెల్లగా వెనక్కి తెచ్చాడు. అంతే. తర్వాత నా తలని ఆయన చేతికి ఆనించి నెట్టమన్నాడు, ఐదు సెకన్లు, వదిలెయ్, మళ్ళీ నెట్టు. ఇలా నాలుగైదు సార్లు. లేచి చూస్తే మెడ ముప్పాతిక భాగం తిరిగింది!

ఇంజనీరుకి ఇలాంటివి నిద్రపట్టనివ్వవు. కోడ్ ముట్టుకోకుండా బగ్ ఎలా పోయిందో తెలియాలి కదా. అడిగితే ఆయన నా బెత్తం దెబ్బల పాఠమే చెప్పాడు. కండరం లోపల కదురు ఆకారంలో సన్నటి సెన్సార్లుంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అని అవి వెన్నుపాముకి కబురు పంపుతూ ఉంటాయి. బాగా సాగిందనుకోండి, వెన్నుపాము అక్కడికక్కడే "ముడుచుకో" అని ఆర్డరేస్తుంది. ఫైలు మెదడు దాకా పోదు. ఎమ్మార్వో ఆఫీసులోనే పని అయిపోతుంది, సెక్రటేరియట్ కి వెళ్ళక్కర్లేదు. డాక్టరు మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగరడం ఇదే. ఈ సెన్సార్లు ఎంత చిన్న సాగుడుకి అరవాలో నిర్ణయించే నాడులు ఇంకో జాతివి ఉన్నాయి, వాటిని గామా నాడులంటారు. ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి వేరే వివరించక్కర్లేదు, అలర్ట్ థ్రెషోల్డ్ అన్నమాట. నా మెడలో ఆ థ్రెషోల్డ్ మరీ కిందకి పడిపోయి, ఉత్తుత్తి సాగుడుకి కూడా అలారం మోగుతోందని, కండరాన్ని పొట్టిగా చేసి కాసేపు పట్టుకుంటే సెన్సారు అరవడం మానుతుందని ఆయన వివరణ.

ఈ తొంభై సెకన్ల పద్ధతి పుట్టిన కథ నాకు భలే నచ్చింది. 1955లో ఆరెగాన్ రాష్ట్రంలో లారెన్స్ జోన్స్ అనే డి.ఓ. దగ్గరికి నడుం నొప్పితో రాత్రిళ్ళు నిద్ర లేని మనిషొకడు వచ్చాడు. ఎన్ని చేసినా తగ్గలేదు. కనీసం నిద్రపట్టే భంగిమన్నా వెతుకుదామని ఆయన్ని అటు తిప్పి ఇటు తిప్పి, హాయిగా ఉందన్న చోట వదిలేసి ఇంకో పేషంటుని చూడ్డానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ మనిషి నిటారుగా లేచి నిలబడ్డాడు. ముందు ఫిక్స్ దొరికింది, వివరణ తర్వాత వెతుక్కున్నారు. గామా నాడుల కథ ఆ వెతుకులాటలో వచ్చిందే. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ అలా జరుగుతుందని గట్టి రుజువు ఇప్పటికీ లేదు. నాకు ఆ రోజు ఆ తేడా తోచలేదు. మెడ తిరిగింది, వివరణ అతికినట్టు సరిపోయింది, ఇంకేం కావాలి? వారం రోజులు ఆఫీసులో కనబడ్డవాడికల్లా క్లాసు పీకాను.

ఆ వేడిలోనే మా నాన్నకి కూడా పీకాను.

మా నాన్నకి యాభై తొమ్మిది. షుగరు వచ్చి పదిహేనేళ్ళు. నరసరావుపేట దగ్గర మా ఊరు. ఓ శనివారం వీడియో కాల్ లో, "ఎడమ రెక్క ఎముక కింద పట్టేసినట్టుందిరా. బడిలో మెట్లెక్కుతుంటే బాగా పీకుతోంది, కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది" అన్నాడు. నేను కొత్తగా నేర్చిన విద్య అంతా ఒలకబోశా. "అది కండరం పట్టడం నాన్నా, రిఫ్లెక్స్ అంటారు దాన్ని. మందులు మింగకు. ఎవరితోనన్నా నొక్కించుకో, నాకు ఇక్కడ ఒక్క సిట్టింగుతో పోయింది" అన్నా. మా అమ్మ పక్కనుంచి, "డాక్టరుకి చూపించమంటే వినట్లేదు, నువ్వన్నా చెప్పు" అంటూనే ఉంది. నేను చెప్పింది మీరు విన్నారుగా.

మా ఊళ్ళో నరాలు సరిచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నువ్వులనూనె వేడి చేసి గంటసేపు రుద్దాడు. మంచి మనిషి, డబ్బులు కూడా అడగడు. ఆయన మీద నాకు ఈషణ్మాత్రం కోపం లేదు. పైగా ఆ రాత్రి నాన్నకి నొప్పి తగ్గింది కూడాను! "నువ్వు చెప్పింది నిజమేరా, హాయిగా నిద్రపట్టింది" అని మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్లో ఉంది. మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఒళ్ళంతా చెమట, దవడ లాగడం, వాంతి. పక్కింటాయన ఆటోలో వేసుకుని వెళ్ళారు. ఈసీజీ, అక్కణ్ణుంచి అంబులెన్స్ లో ఇంకో ఊరు, యాంజియోగ్రాం, స్టెంటు. ప్రాణం దక్కింది. కానీ గుండె కొట్టుకున్నప్పుడల్లా బయటికి పంపే రక్తం మామూలుగా 55 శాతం పైన ఉండాల్సింది, నాన్నది 40 దగ్గర ఆగింది. మొదటి రోజే వచ్చి ఉంటే ఇంత దెబ్బ తినేది కాదు అన్నారు అక్కడి డాక్టరు. నేను ఫోన్లో విన్నా ఆ మాట.

గుండె నొప్పి వీపులో ఎందుకొచ్చింది? ఇదీ నాడుల దారే. గుండె నుంచి బయల్దేరే నొప్పి తీగలు వెన్నుపాములోకి ఛాతీ భాగపు పై నాలుగైదు అంతస్తుల దగ్గర చేరతాయి. ఎడమ చేతి లోపలి వైపు, ఛాతీ, వీపు పైభాగం నుంచి వచ్చే తీగలు కూడా అక్కడికే చేరతాయి. రెండూ కలిసి ఒకే నాడీకణం మీద పడతాయి, అక్కణ్ణుంచి మెదడుకి పోయేది ఒకటే లైను. నాలుగు సర్వీసుల లాగ్స్ ఒకే ఫైల్లో పడుతూ సోర్స్ పేరు రాయకపోతే ఎలా ఉంటుందో అలా. మెదడుకి చర్మం, కండరాల కబుర్లు జన్మంతా అలవాటు, గుండె కబురు కొత్త. కాబట్టి "వీపే అయ్యుంటుంది" అనుకుంటుంది. అంతటితో అయిపోదు, ఆ అంతస్తులో కలకలం రేగి ఆ చుట్టుపక్కల కండరాలు నిజంగానే బిగుసుకుంటాయి. రుద్దినాయన చేతికి తగిలిన గట్టిదనం అబద్ధం కాదు. ఆయన రుద్దితే సుఖంగా ఉండటమూ అబద్ధం కాదు. షుగరు ఉన్నవాళ్ళలో నాడులు మొద్దుబారి అసలు ఛాతీ నొప్పి సరిగా రాకపోవచ్చు కూడా. ఇన్నిట్లో నిజం చెప్పిన క్లూ ఒక్కటే. మెట్లెక్కితే రావడం, కూర్చుంటే పోవడం. అది నాన్న మొదటి వాక్యంలోనే చెప్పాడు.

దీన్ని లండన్ డాక్టరు హెన్రీ హెడ్ 1890లలోనే శరీరం మీద మ్యాపులు గీసి చూపించాడు. ఏ అవయవం పాడైతే చర్మం మీద ఎక్కడ నొప్పి తెలుస్తుందో. పిత్తాశయం వాస్తే కుడి భుజం నొప్పి, అపెండిక్స్ మొదలయ్యేటప్పుడు బొడ్డు చుట్టూ నొప్పి, తర్వాత పొట్ట కండరం చెక్కలా బిగుసుకోవడం, ఇవన్నీ ఆ దారిలో వచ్చేవే. సర్జన్లు రోజూ వీటిని బట్టే నడుచుకుంటారు. అంటే వీపు, పొట్ట, భుజం ఒక స్క్రీను. లోపల జరిగేది అక్కడ చదవచ్చు. ఇందులో వివాదమేమీ లేదు.

ఇండియా వెళ్ళొచ్చాక మెడ కోసం మళ్ళీ ఆ డి.ఓ. దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొదటి రోజు నిన్ను గుండె గురించి అడిగింది ఇందుకే" అన్నాడు. వాళ్ళకి వీపు మీద చెయ్యి పెట్టేటప్పుడు మొదట నేర్పేది, ఈ బిగుసుడు ఇక్కడిదేనా, లోపల్నుంచి వచ్చిందా అని అడగడమట. నేను ఆయన దగ్గర తొంభై సెకన్ల చిట్కా నేర్చుకున్నా గానీ ఇరవై నిమిషాల ప్రశ్నలు నేర్చుకోలేదు.

ఇక ఇక్కణ్ణుంచి నాకూ ఆస్టియోపతీకీ గొడవ మొదలవుతుంది. ఎందుకంటే వీళ్ళలో చాలామంది చదవడం దగ్గర ఆగలేదు. గుండె వీపు మీద రాయగలిగితే, వీపు మీద నొక్కి గుండె మీద రాయలేమా అన్నారు. ఊపిరితిత్తులకి ఫలానా పక్కటెముక దగ్గర, అపెండిక్స్ కి కుడి పన్నెండో పక్కటెముక కొస దగ్గర అని ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన పాయింట్ల పట్టిక తయారు చేశాడు. ఇప్పటికీ డి.ఓ. విద్యార్థులు దాన్ని బట్టీ కొడతారు.

ఈ ఆశ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే కోపం కన్నా జాలి ఎక్కువ వేస్తుంది. దీన్ని మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ (1828-1917) కాన్సస్ లో ఊళ్ళు తిరిగి వైద్యం చేసిన డాక్టరు. 1864లో మెదడువాపు లాంటి జబ్బుతో (మెనింజైటిస్) ఆయన పిల్లలు ముగ్గురు పోయారు. అప్పటి మందులేంటనుకున్నారు? పాదరసం, నల్లమందు, రక్తం తీసెయ్యడం. ఆ మందుల మీద నమ్మకం పోయి, పదేళ్ళు ఎముకలు ముందేసుకుని చదివి, 1874లో మందుల్లేని వైద్యం ప్రకటించాడు. నేనుండే చోటికి గంట లోపు దూరంలో బాల్డ్విన్ సిటీ అని చిన్న ఊరుంది. అక్కడి బేకర్ యూనివర్సిటీ కట్టడానికి వాళ్ళ కుటుంబం సాయపడింది. ఆ యూనివర్సిటీయే తన మాట చెప్పుకోడానికి చోటివ్వలేదని ఆయన ఆత్మకథలో వాపోయాడు. తర్వాత మిస్సోరీ వెళ్ళి కొన్నాళ్ళు తనని తాను "లైట్నింగ్ బోన్‌సెట్టర్" అని ప్రచారం చేసుకున్నాడు. మెరుపు వేగంతో ఎముకలు సరిచేసేవాడు అని. మన పుత్తూరు కట్టు కట్టేవాళ్ళకి ఈయన దూరపు చుట్టమన్నమాట :) 1892లో కిర్క్స్‌విల్ లో కాలేజీ పెట్టాడు. మేము ఒక వారాంతం మూడు గంటలు డ్రైవ్ చేసుకుని చూసొచ్చాం. ఆయన పుట్టిన దుంగల ఇంటిని వర్జీనియా నుంచి తెచ్చి అక్కడ మ్యూజియంలో పెట్టారు. ఆ ఇంటి ముందు నిలబడితే ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రే గుర్తొచ్చాడు నాకు. పాదరసం మింగించడం కన్నా వీపు నిమరడం నూరు రెట్లు నయం, అది 1874లో. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు.

స్టిల్ ఎక్కువగా రక్తప్రసరణ గురించే మాట్లాడాడు. నాడుల దారుల కథని ప్రయోగశాలకి తెచ్చింది 1940లలో అదే కిర్క్స్‌విల్ లో డెన్స్‌లో, కార్ అనే ఇద్దరు. వెన్నెముకలో కొన్ని అంతస్తుల దగ్గర కొద్దిగా నొక్కితేనే కండరాలు స్పందిస్తున్నాయని కొలిచి చూపించారు. అది నిజాయితీ అయిన పని. తర్వాత జపాన్ లో అకియో సాటో బృందం మత్తిచ్చిన ఎలుకల మీద చూపించింది ఇంకా ఆసక్తికరం. చర్మాన్ని గిల్లితే గుండె వేగం, కడుపు కదలిక, మూత్రాశయం మారతాయి. అంటే రాసే దారి కూడా ఉంది! నేను చదివినప్పుడు కాసేపు డోలాయమానంలో పడ్డా. కానీ గిల్లినంతసేపూ, ఆ తర్వాత కాసేపూ మారుతుంది, మళ్ళీ మామూలే. డేటాబేసు భాషలో చెప్పాలంటే రైట్ వెళ్తుంది గానీ కమిట్ అవ్వదు. గుండె వేగం ఒక నిమిషం మారడానికీ మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకోవడానికీ మధ్య ఉన్న దూరం, పింగ్ కి జవాబు రావడానికీ సర్వర్ రిపేరవడానికీ మధ్య ఉన్నంత.

మనుషుల మీద చూస్తే? న్యుమోనియా వచ్చిన పెద్దవయసు వాళ్ళు 406 మందిని తీసుకుని అమెరికాలో ఒక పెద్ద పరీక్ష చేశారు, ఫలితాలు 2010లో వచ్చాయి. కొందరికి మందులతో పాటు చేతి వైద్యం, కొందరికి ఊరికే తేలిగ్గా తాకడం, కొందరికి మందులు మాత్రమే. చేర్చుకున్న అందర్నీ లెక్కలోకి తీసుకుంటే మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మధ్యలో మానేసినవాళ్ళని తీసేసి లెక్కేస్తే కొంచెం తేడా కనబడింది, దాన్నే ఇప్పటికీ చాలాచోట్ల ఉటంకిస్తుంటారు. ఫెయిలైన టెస్టు కేసుల్ని తీసేసి రిపోర్టు పంపడం మనకి తెలియని విద్యా?

నడుం నొప్పి దగ్గరికొస్తే మాత్రం, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వీళ్ళకి మార్కులివ్వాలి. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ లో వచ్చిన పరీక్షలో 178 మంది ఉన్నారు. చేతి వైద్యం చేయించుకున్నవాళ్ళూ, మామూలు వైద్యం చేయించుకున్నవాళ్ళూ పన్నెండు వారాల్లో ఒకేలా కోలుకున్నారు. కాకపోతే చేతి వైద్యం వాళ్ళు మందులు తక్కువ వాడారు. నొప్పి మాత్రలు కడుపుని, కిడ్నీలని ఏం చేస్తాయో తెలిసినవాళ్ళకి అది చిన్న లాభం కాదు. అయితే 2021లో ఫ్రాన్సు వాళ్ళు 400 మందితో ఇంకా కఠినంగా చూశారు. సగం మందికి అసలు వైద్యం, సగం మందికి ఉత్తుత్తి వైద్యం, అంటే చేతులు ఆనించడం మాత్రమే. రోజువారీ పనుల్లో ఇబ్బంది అసలు గుంపులో కాస్త ఎక్కువ తగ్గింది, ఆ కాస్త కూడా మనిషికి తెలిసేంత కాదేమోనని వాళ్ళే రాసుకున్నారు. నొప్పిలో తేడా లేదు. ఈ రెండూ కలిపి చదివితే నాకర్థమైంది ఏంటంటే, ఒక మనిషి అరగంట మనకి కేటాయించి, మన మాట విని, నొప్పి ఉన్న చోట చెయ్యి పెడితే నొప్పి తగ్గుతుంది. ఏ పాయింటు మీద పెట్టాడన్నది అంత ముఖ్యం కాదు. "పూస పక్కకి జరిగింది, లోపలికి నెట్టాను" అనే మాటలైతే పూర్తిగా వదిలెయ్యండి. ఎముక టక్కుమన్నది కీలు మధ్య ద్రవంలో గాలి బుడగ ఏర్పడటం వల్ల, ఏదో చోటుకి చేరడం వల్ల కాదు. 2015లో కెనడా వాళ్ళు వేళ్ళు విరిచినప్పుడు ఎం.ఆర్.ఐ. తీసి మరీ చూపించారు.

ఈ మధ్య మా ఆఫీసు గ్రూపుల్లో మెడలు, నడుములు విరిచే వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మైకు వీపుకి ఆనించి పెట్టి మరీ టకటకలు వినిపిస్తారు. చూడ్డానికి హాయిగా ఉంటాయి, నేనూ చూస్తా. కానీ వాటి కింద రాసేది చూడండి. గ్యాస్ కి ఫలానా పూస, బీపీకి ఫలానా పూస, థైరాయిడ్ కి మెడ. మెడ నొప్పి నిజంగా తగ్గుతుంది కాబట్టి, అదే చేతులతో థైరాయిడ్ కూడా అమ్మేస్తారు. నేను మోసపోయిందీ ఇక్కడే. ఫిక్స్ పనిచేసింది కాబట్టి రూట్ కాజ్ కూడా కరెక్టే అనుకున్నా. సర్వర్ రీస్టార్ట్ చేస్తే యాప్ లేచిందని మెమరీ లీక్ లేదని రాసే జూనియర్ని నేనే ఎన్నిసార్లు తిట్టానో!

ఇటువైపు ఇంకో గుంపు ఉంది. వీళ్ళకి ఇదంతా బోగస్, ఫిజియో కూడా బోగస్, రెండు మాత్రలు మింగి పని చూసుకో అంటారు. వాళ్ళతోనూ నాకు పొసగదు. వీపు మీద చెయ్యి పెట్టి చదవగలిగే డాక్టరు దొరకడం అదృష్టం. మన ప్రైవేటు ఆస్పత్రుల్లో ముట్టుకోకుండానే స్కాన్ రాసేస్తున్నారు. ఇంక మూడో గుంపు, "మన పెద్దవాళ్ళకి అన్నీ తెలుసు" అనేవాళ్ళు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు నడుం మీద తొక్కితే పట్టు పోతుందని మా నాయనమ్మ నమ్మేది. పాపం మా వీధిలో అలా పుట్టిన కుర్రాడొకడు, వాడికి ఆదివారాలు కూడా ఖాళీ ఉండేది కాదు :) పట్టు పోయేదా అంటే పోయేది. మూడు రోజులాగితే తొక్కకపోయినా పోయేదే. వాడు తొక్కేముందు "మెట్లెక్కితే వస్తోందా మామ్మా" అని ఎవరూ అడిగింది లేదు.

మీ ఇంట్లోవాళ్ళు నలభై దాటి, భుజం, దవడ, రెక్క ఎముక, పొట్ట పైభాగం, వీటిలో ఎక్కడన్నా "పట్టేసింది" అంటే, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గుతోందా అని అడగండి. చెమట, ఆయాసం, వాంతి వచ్చినట్టుందా అని అడగండి. షుగరుంటే ఇవేవీ లేకపోయినా నమ్మకండి. అవునంటే నూనె కాదు, ముందు ఈసీజీ. అది బాగుందన్నంత మాత్రాన కూడా ఇంటికి వచ్చెయ్యకుండా డాక్టరు రక్తపరీక్ష చేద్దామంటే చేయించుకోండి. గుండె కాదని తేలాక హాయిగా నొక్కించుకోండి, నేనే నూనె కొనిస్తా.

నా మెడకి నేనిప్పటికీ రెండు నెలలకోసారి ఆ డి.ఓ. దగ్గరికే వెళ్తున్నా. తొంభై సెకన్లూ హాయిగా ఉంటుంది. ఎలా పనిచేస్తుందని అడగడం మానేశా. మా నాన్న పొద్దున్నే అరగంట నడుస్తున్నాడు, మాత్రలు ఐదు రకాలు. మొన్న ఆదివారం కాల్ లో మోకాలు పట్టేసిందిరా అన్నాడు. నేను వెంటనే ఎప్పుడొస్తోంది, మెట్లెక్కితేనా, కూర్చుంటే పోతోందా, వాపుందా, పిక్కలో నొప్పుందా అని మొదలుపెట్టా. పది ప్రశ్నలయ్యేసరికి ఆయనకి విసుగొచ్చింది. "మోకాలని చెప్తుంటే గుండె గురించి అడుగుతావేంట్రా" అన్నాడు. ఫోను లాక్కుని మా అమ్మ, "నువ్వు అడుగు నాన్నా, నేను చెప్తా" అంది.